నకలు కాగితం కొండకు వచ్చిన దారి

మా కొండల్లో ఏ ఇంటికి వెళ్ళినా అటక మీదో, ధాన్యం గాదె పక్కనో ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో పండగ బట్టల అడుగున, ప్లాస్టిక్ కవరులో చుట్టి కొన్ని కాగితాలు ఉంటాయి. రేషన్ కార్డు జిరాక్స్, ఆధార్ జిరాక్స్, కుల ధృవీకరణ పత్రం జిరాక్స్, పట్టా జిరాక్స్. వాటిలో కొన్నిటికి అసలు కాగితం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు తీయగా తీయగా తహసీల్దారు సంతకం నల్లటి పురుగులా కనిపిస్తుంది. అయినా ఆ కవరును ఎవరూ పారేయరు. వానాకాలం కప్పు కారితే ముందు పిల్లల్ని, తర్వాత ఆ పెట్టెను పక్కకు జరుపుతారు.

అచ్చు యంత్రం గురించి పాఠం చెప్పేటప్పుడు మేము గూటెన్‌బర్గ్ పేరు చెబుతాం. జర్మనీలో మైంజ్ పట్టణం, సుమారు 1455, లోహపు అక్షరాలతో అచ్చయిన బైబిల్. అంతకన్నా ముందే చైనాలో చెక్క దిమ్మల మీద అక్షరాలు చెక్కి పుస్తకాలు వేశారని, 868 నాటి వజ్రసూత్రం ఇప్పటికీ ఉందని కూడా చెబుతాం. ఒకసారి ఒక పిల్లవాడు అడిగాడు: "మన కొండకి ఎప్పుడొచ్చింది మాస్టారూ?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే మాకు అర్థమైంది ఏమిటంటే, మా కొండల వరకు అచ్చు చరిత్ర పుస్తకాల చరిత్ర కాదు. అది నకళ్ళ చరిత్ర. మా భూమి గురించి, మా మనిషి గురించి రాసిన కాగితం ఎవరి దగ్గర ఉంది, దాని నకలు మా ఇంట్లో ఉందా లేదా అన్నదే ఆ కథ.

కాగితం రాకముందు మా పెద్దలకు లెక్క లేదని కాదు. పెళ్ళికి ఇంకా ఎన్ని రోజులుందో తాడుకు అన్ని ముడులు వేసి చుట్టాలింటికి పంపేవారట. రోజుకో ముడి విప్పుకుంటూ చివరి ముడి నాటికి వాళ్ళు బయలుదేరేవారని మా తాతలు చెప్పేవారు. పంపినవాళ్ళ ఇంట్లో కూడా అన్నే ముడులున్న తాడు ఉండేది. ఆలోచిస్తే అది నకలే. ఒకే లెక్క, రెండు తాళ్ళు, ఇటొకటి అటొకటి. తర్వాత వచ్చిన కాగితాల్లో ఆ సమానం చాలాకాలం కనిపించలేదు.

మైదానంలో తాటాకు ఉండేది. గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచేది. ఆకు చిరగకుండా ఉండడానికే తెలుగు అక్షరం అంత గుండ్రంగా తిరిగిందని చెబుతారు. కరణాల కవిలె కట్టలు, పురాణాలు, వైద్యం అన్నీ ఆకుల మీదే. పురుగు పడితే ఇంకో ఆకు మీదికి ఎత్తి రాయాలి. ఆ ఎత్తి రాయడం ఒక వృత్తి. అరకు ఎత్తులో తాటిచెట్టు అరుదు. మాకున్నది జీలుగు చెట్టు. అది కల్లు ఇస్తుంది గానీ కవిలె ఇవ్వదు. కాబట్టి కొండ లెక్కలు కూడా కింద ఊళ్ళలో, కిందివాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. విశాఖ మన్యంలో చాలాచోట్ల ముఠాదార్ల కాలం నడిచింది కదా. ముఠాదారుకు సన్నదు ఉండేది, దాని లెక్క సర్కారు దగ్గర ఉండేది. దున్నేవాడి ఇంట్లో ఏ ముక్కా లేదు. ముఠాలను రద్దుచేసే రెగ్యులేషన్ వచ్చింది 1969లో. మైదానంలో లాగా రైతు పేరున పట్టా ఇచ్చే సెటిల్‌మెంట్ రెగ్యులేషన్ వచ్చింది 1970లో. అంటే కొండ రైతు పేరు సర్కారు కాగితం మీద సరిగ్గా పడే అవకాశం రావడానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా 20 ఏళ్ళు పైనే పట్టింది.

తెలుగు అక్షరం అచ్చెక్కింది కూడా మన దగ్గర కాదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతప్రచారకుడు 1740ల్లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు వేయించాడు. మనకు దగ్గరి సంగతి 1805లో మొదలైంది. లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేశారు. వాటిని అచ్చు వేయడానికి బెంగాల్‌లోని సీరాంపూర్ పంపాలి. 1812 మార్చిలో ఆ సీరాంపూర్ అచ్చుకూటం కాలిపోయింది. అనేక భాషల సీసపు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. పోత పోసే మూసలు మాత్రం దక్కాయి. ఆ కరిగిన లోహాన్నే మళ్ళీ పోసి కొద్ది నెలల్లోనే పని మొదలుపెట్టారు. విశాఖలో రాసిన తెలుగు సువార్తలు ఆ ఏడాదే అక్కడ అచ్చయ్యాయి.

మా భాషల సంగతి ఇంకో వంద ఏళ్ళ తర్వాతి మాట. సాలూరులో పనిచేసిన షుల్జ్ అనే మరో జర్మన్ మతప్రచారకుడు (పేరు కలిసిందే తప్ప ఆయనకూ ఈయనకూ 150 ఏళ్ళ దూరం) 1911లో కువి భాషకు వ్యాకరణం, 1913లో పదకోశం అచ్చు వేయించాడు. రోమన్ అక్షరాల్లో, ఇంగ్లీషు వివరణతో. కువి మాట్లాడేవాళ్ళు ఒక్కరు కూడా దాన్ని చదివి ఉండరు. ఆ పుస్తకం మమ్మల్ని గురించి మరొకరికి చెప్పడానికి తయారైంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు చేసిన పని మాత్రం వేరు. ఆయన సవరలతో కూర్చుని సవర నేర్చుకున్నారు. సవర పిల్లలు చదువుకోవడానికి తెలుగు లిపిలో పుస్తకాలు తయారుచేశారు. వాళ్ళ కోసం బళ్ళు కావాలన్నారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. ఆ రెండింటికీ మధ్య, 1936లో, మంగై గొమాంగో అనే సవర పెద్దమనిషి తమ భాషకు సొంత అక్షరాలే తయారుచేశాడు. సొరంగ్ సొంపెంగ్ అంటారు దాన్ని. పండితుల నిఘంటువు కన్నా రెండేళ్ళు ముందన్నమాట. ఈ ముక్క మాకు ఎక్కడ గుర్తొచ్చినా గర్వంగానే ఉంటుంది.

పుస్తకాల సంగతి పక్కన పెడితే, మా కొండల్లో ఎక్కువమంది చేతితో వేసిన మొదటి అచ్చు ఏది? మా లెక్కలో అది వేలిముద్ర. షావుకారు దగ్గర అచ్చు ఫారం ఉంటుంది, రెవెన్యూ స్టాంపు ఉంటుంది, ఖాళీలు అతనే నింపుతాడు. మన మనిషి బొటనవేలు నొక్కుతాడు. కాగితం ఒక్కటే. అది షావుకారు పెట్టెలోకి పోతుంది. అందులో 50 రాశాడా, 500 రాశాడా అని చూసుకోవడానికి ఇంట్లో ఏమీ మిగలదు. వేలికి అంటిన సిరా మాత్రం మిగులుతుంది, రెండు రోజులు.

ఈ వేలిముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే ఒక విచిత్రం దొరికింది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు పనికి కంకర తోలే రాజ్యధర్ కొనాయి అనే ఆయన చేత ఒప్పంద కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత మాట మార్చకుండా భయపెట్టడానికట. అక్కడి నుంచి వేళ్ళ గీతల మీద ఆయనకు ఆసక్తి పెరిగింది. ఈ విలియం తండ్రి జాన్ హెర్షెల్. ఆయన 1842లో నీలి కాగితం మీద ఎండ సాయంతో బొమ్మకు నకలు తీసే పద్ధతి కనిపెట్టాడు. బ్లూ ప్రింట్ అని ఇంజనీర్లు అనేది దాన్నే. తండ్రి చేసిన పద్ధతితో నక్షలకు నకళ్ళు, కొడుకు చూపిన దారిలో మన వేలు. మా ప్రాంతంలో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు దారి 1960ల్లో పడింది. అంత పెద్ద పనులకు నక్షలు ఉంటాయి, వాటికి బ్లూ ప్రింట్లో అమ్మోనియా ప్రింట్లో నకళ్ళు ఉంటాయి. మా పెద్దలు చూసింది మాత్రం పొలాల్లో సున్నం కొట్టిన రాళ్ళు పాతడం. నక్షలో తమ పొలం మీదుగా గీత పోయిందని వాళ్ళకు రాయి చూశాకే తెలిసింది.

టైపు యంత్రం, కార్బన్ కాగితం ఆఫీసులకు వచ్చాక నకలు సులువైంది. కార్బన్ కాగితం పాతదే. 1806లో ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ అనే ఆయన హక్కు తీసుకున్నాడు. టైపు యంత్రంతో జతపడ్డాక దానికి బలం వచ్చింది. ఒకేసారి నాలుగైదు ప్రతులు. పైది తెలివిగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ మసక. ఊరికి వచ్చేది ఎప్పుడూ అట్టడుగు ప్రతి. చదివి చెప్పమని మా దగ్గరకు తెచ్చే పాత ఉత్తర్వులు కొన్నిటిని వెలుగుకు ఎదురుగా పట్టుకుని, ఏటవాలుగా తిప్పి చదవాల్సి వచ్చేది.

మా చదువు కాలంలో ఆశ్రమ పాఠశాలలో ప్రశ్నపత్రాలు సైక్లోస్టైల్‌వే. గెస్టెట్నర్ అనే ఆయన 1881 ప్రాంతంలో లండన్‌లో తెచ్చిన పద్ధతి అది. మైనపు స్టెన్సిల్ కాగితం మీద సూదిమొన కలంతో రాస్తే అక్షరం ఉన్నచోట మైనం లేచిపోతుంది. దాని వెనక నుంచి రోలరుతో సిరా నొక్కితే ఆ సందుల్లోంచి కింది కాగితం మీదకు దిగుతుంది. వందల ప్రతులు వస్తాయి, కరెంటు అక్కరలేదు. చేత్తో తిప్పితే చాలు. మా కొండలకు సరిగ్గా సరిపోయిన యంత్రం నిజానికి అదే. 'ఒ' పొట్టలో స్టెన్సిల్ చిరిగిపోయి ఆ అక్షరం ఉన్నచోటల్లా సిరా చుక్క పడేది. పరీక్ష హాల్లో కాగితం అందగానే ముందు వాసన చూసేవాళ్ళం. కిరసనాయిలు, నూనె కలిసిన వాసన. ఇప్పటికీ ఆ వాసన తగిలితే గుండె దడదడలాడుతుంది. లెక్కల పరీక్ష గుర్తొస్తుంది.

కానీ ఇంటి భూమి కాగితానికి సైక్లోస్టైల్ పనికిరాదు. దానికి ఒక్క నకలు చాలు, అది తప్పు లేకుండా ఉండాలి. ఆ నకలు గుమస్తా చేతిరాత మీద ఆధారపడేది. మా ఇంట్లో జరిగిందే చెబుతాం. నాన్న బ్యాంకు అప్పు కోసం అడంగల్ నకలు తీసుకున్నారు. రిజిస్టరులో సర్వే నెంబరు 17. ఎత్తి రాసినవారి చేతిలో 7 కాస్తా 1 అయింది. 11వ నెంబరు వేరే కుటుంబానిది. బ్యాంకువాళ్ళు కాగితం వెనక్కి ఇచ్చారు. అది సరే, ఆ 11వ నెంబరువాళ్ళు మేము వాళ్ళ భూమి మీద అప్పు తీసుకోబోయామని మాతో మాటలు మానేశారు. దిద్దించుకోవడానికి వెళ్తే "ముద్ర పడిన నకలు, ఇందులో తప్పెలా ఉంటుంది" అన్నారు. నాన్న చదువుకోలేదు. 1 ఏదో 7 ఏదో ఆయన వాదించలేరు. మేము చిన్నవాళ్ళం. మూడేళ్ళు గడిచాక ఇంకో గుమస్తా ఆ రిజిస్టరు పేజీనే జిరాక్స్ తీసి చేతిలో పెట్టాడు. ఆ నల్లటి పేజీలో 7 స్పష్టంగా ఉంది. నాన్న దాన్ని ముందు 11వ నెంబరువాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళారు, తర్వాతే బ్యాంకుకి.

అందుకే మాకు జిరాక్స్ చరిత్ర అంటే ప్రత్యేక ఇష్టం. దాన్ని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ అమెరికాలో ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో పనిచేసేవాడు. రోజంతా పత్రాలకు నకళ్ళు కావాలి, చేత్తో ఎత్తి రాస్తే కీళ్ళ నొప్పి. వంటింట్లో గంధకం కాచి ప్రయోగాలు చేశాడు. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో ఒక అద్దె గదిలో, ఒట్టో కోర్నై అనే సహాయకుడితో కలిసి గంధకం పూసిన జింకు రేకును జేబురుమాలుతో రుద్దాడు. ఒక గాజు పలక మీద తేదీ, ఊరి పేరు రాసి, రేకు మీద పెట్టి దీపం వెలుగు చూపించాడు. వెలుగు పడినచోట విద్యుత్తు పోయింది, అక్షరం నీడ పడినచోట నిలిచింది. మెత్తటి పొడి చల్లి ఊదితే అక్షరాలకే అంటుకుంది. పిల్లలకు దీన్ని చూపించడం తేలిక. దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలు లాగే ఆటే ఇది. 20కి పైగా కంపెనీలు ఆయన్ను వెనక్కి పంపాయి. చివరికి హాలాయిడ్ అనే చిన్న కంపెనీ 1959లో 914 అనే యంత్రాన్ని బయటికి తెచ్చింది. సుమారు 300 కిలోల బరువు, నిమిషానికి ఏడు నకళ్ళు. ఆ కంపెనీ పేరే తర్వాత జిరాక్స్ అయింది. మన దగ్గర నకలుకూ యంత్రానికీ దుకాణానికీ కూడా అదే పేరు.

ఈ యంత్రం గొప్పతనం వేగం అని పుస్తకాలు చెబుతాయి. మా కొండల నుంచి చూస్తే దాని గొప్పతనం వేరు. నకలు తీయడానికి చదువు రానక్కరలేదు. తాటాకు ఎత్తి రాయాలన్నా, టైపు కొట్టాలన్నా, స్టెన్సిల్ గీయాలన్నా మధ్యలో చదువొచ్చిన మనిషి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ బయటివాడే. జిరాక్స్ వచ్చాక అక్షరం తెలియని ముసలమ్మ కూడా సంత రోజు మిరియాలు అమ్మిన డబ్బులోంచి రూపాయి ఇచ్చి తన పట్టాకు తప్పులేని నకలు తీసుకుని, అసలు ఇంట్లో దాచి, నకలు మాత్రమే ఆఫీసులో ఇవ్వగలదు. ఇది చిన్న మార్పు కాదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే ముందు భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. చట్టం అలా ఉన్నా, కేసు నడవాలంటే మన చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, దాని జిరాక్సులు ఊరూరా తిరిగాయి. ఇంగ్లీషు ఎవరికి వస్తుందని అడక్కండి. దగ్గర ఉండడమే కావాలి.

మా ఉపాధ్యాయులకు కూడా అలాంటి జిరాక్స్ ఒకటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో నెంబరు 3, 2000 జనవరి నాటిది. దాని నకలు మడతలు పడి చిరిగేదాకా సర్టిఫికెట్ల ఫైలులో ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కాగితం ఇంకా ఫైలులోంచి తీయలేదు.

జిరాక్స్‌కు ఒక లోపం ఉంది. ఉన్నదానికే అది నకలు తీస్తుంది. తప్పు ఉంటే తప్పుకు, మా భాష లేకపోతే లేకపోవడానికి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మా ప్రాంతపు కొండ భాష మీద రాసిన పెద్ద పుస్తకం 1969లో హైదరాబాద్‌లో అచ్చయింది, అదీ ఇంగ్లీషులోనే. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది భాషల్లో పిల్లలకు వాచకాలు ఇచ్చే కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైంది. తెలుగు లిపిలోనే. అవి తయారుచేసేటప్పుడు మా భాషల్లో గొంతు దగ్గర ఆగిపోయే శబ్దానికి ఏ గుర్తు పెట్టాలన్నదే పెద్ద చర్చ. తెలుగులో దానికి అక్షరం లేదు, డీటీపీ చేసేవారి ఫాంటులోనూ లేదు. మా తోటి టీచర్లు చాలామంది దాన్ని వదిలేసి చదివించారు. పిల్లలు మాత్రం ఆ చోట ఆగి, సరిగ్గానే పలికేవారు. సొరంగ్ సొంపెంగ్‌కు 2012లో, ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో చేతిరాత ప్రతుల్లో బతికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇక ఫోనులో కూడా ఆ అక్షరాలు కొట్టవచ్చు. కొట్టేవాళ్ళు ఎంతమంది అన్నది వేరే విషయం.

ఇప్పుడు 'మీభూమి'లో అడంగల్ ఫోనులోనే కనిపిస్తుంది. సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కితే. అచ్చు తీయడానికి మళ్ళీ సంతకే పోవాలి.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరివాళ్ళ దరఖాస్తులు నింపడానికి మేము చాలా సాయంత్రాలు కూర్చున్నాం. ఆ చట్టం నియమాల్లో మాకు నచ్చినది ఒకటుంది. కాగితాలు లేకపోయినా ఊరి పెద్దల మాటను కూడా సాక్ష్యంగా తీసుకుంటారు, అయితే దాన్ని రాతలో పెట్టాలి. ఒక తాత తన పక్కింటివాళ్ళ పోడు హద్దులు చెప్పాడు. తూర్పున గెడ్డ, పడమర చింతచెట్టు, ఉత్తరాన పెద్ద రాయి, దక్షిణాన వాళ్ళ అన్నదమ్ముల చేను. ఆయన చెప్పింది ఆదివాసీ ఒడియాలో, మేము రాసింది తెలుగులో. ఆయన డొంగర్ అన్నదాన్ని కొండపోడు అని రాశాం, పూర్తిగా సరిపోలేదు. చదివి వినిపించాక తాత నల్ల ప్యాడ్ మీద వేలు నొక్కి కాగితం మీద వేశాడు. మర్నాడు మూడు జిరాక్సులు తీయించి తెచ్చాం. ఒకటి కమిటీకి, ఒకటి పంచాయతీకి, ఒకటి ఇంటికి.

తాత ఇంటి ప్రతిని చేతిలోకి తీసుకుని తన వేలిముద్ర మీద ఇంకో వేలితో రాసి చూశాడు. సిరా అంటలేదు.

"ఇది నా వేలు కాదు మాస్టారూ, నా వేలు బొమ్మ" అన్నాడు. "ప్యాడు ఇటియ్యండి."

మూడింటి మీదా మళ్ళీ వేలు వేశాడు, బొమ్మ పక్కనే.